ఆపరేషన్ సక్సెస్.. కానీ పేషెంట్ ఊపిరి తీసుకోవడం లేదు! రక్తంలో లేని ఆ ఒక్క ప్రొటీన్ కథ.. మండవల్లి, ఏలూరు వైపు వాళ్లు తప్పక తెలుసుకోవాల్సిందే

చిన్న ఆపరేషనే. అపెండిక్స్. అరగంటలో పని అయిపోయింది. కుట్లు వేశారు, మత్తు తగ్గించారు. ఇక పేషెంట్ కళ్లు తెరవాలి, తనంతట తాను ఊపిరి తీసుకోవాలి. పది నిమిషాలు.. అరగంట.. గంట. ఛాతీ కదలదు. వేలు కూడా కదలదు. గుండె బాగానే కొట్టుకుంటోంది, బీపీ బాగానే ఉంది. బయట బెంచీ మీద కూర్చున్న ఇంట్లోవాళ్లకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. "ఇంకా మత్తు దిగలేదమ్మా" అన్న ఒక్క మాట తప్ప.

సినిమా సీన్ కాదిది. మత్తు డాక్టర్లు దీన్ని 'స్కోలిన్ ఆప్నియా' అంటారు. ఆపరేషన్‌లో తప్పేమీ జరగదు. మందు డోసు కూడా కరెక్టే. తేడా అంతా పేషెంట్ రక్తంలో ఉంటుంది. ఉండాల్సిన ఒక ప్రొటీన్ అక్కడ ఉండదు. దాని పేరు బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్. పేరు చూసి భయపడక్కర్లేదు. ల్యాబ్ రిపోర్టులో 'సీరం కోలినెస్టరేజ్' అనో, 'సూడోకోలినెస్టరేజ్' అనో రాసేది దీన్నే. మన సౌకర్యం కోసం ఇక్కడ 'కోలినెస్టరేజ్' అనుకుందాం.

ప్రపంచంలో ఎక్కడో అరుదుగా కనిపించే ఈ లోపం తెలుగు మూలాలున్న ఒక సామాజిక వర్గంలో చాలా ఎక్కువగా కనిపించింది. ఆర్యవైశ్యులు. మండవల్లి, కైకలూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం.. ఏ ఊరి బజారులో చూసినా కిరాణా కొట్టు, బంగారం కొట్టు, బియ్యం వ్యాపారం నడిపే కుటుంబాల్లో వీళ్లుంటారు. వాసవీ కన్యకా పరమేశ్వరి క్షేత్రం పెనుగొండ కూడా ఈ గోదావరి నేల మీదే ఉంది. అందుకే ఇది మన దగ్గర ఇంకాస్త గట్టిగా చెప్పుకోవాల్సిన సంగతి.

ఇంకో కారణం కూడా ఉంది. ఇదే ప్రొటీన్ పురుగు మందుల విషానికి రక్తంలో మొదట ఎదురెళ్లేది. సార్వా, దాళ్వా రెండు పంటలూ మందు కొట్టే కొల్లేరు చుట్టుపక్కల ఆ మాట ఎవరికి అక్కర్లేదు?

అసలు ఈ ప్రొటీన్ చేసే పనేంటి?

నిజం చెప్పాలంటే, దీని అసలు డ్యూటీ ఏంటో సైన్స్‌కు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. వినడానికి విచిత్రంగా ఉంటుంది. కానీ నిజం.

దీనికో అన్న ఉన్నాడు. ఎసిటైల్‌కోలినెస్టరేజ్. అతని పని మాత్రం చాలా స్పష్టం. చెయ్యి ఎత్తాలని మెదడు అనుకుంటే ఆ కబురు నరం చివరి దాకా వస్తుంది. అక్కడ ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై కండరాన్ని తడుతుంది. కండరం బిగుసుకుంటుంది. కబురు అందాక ఆ రసాయనం అక్కడే ఉండిపోతే కండరం వదలదు. అందుకే దాన్ని వెంటనే తుడిచేయాలి. తుడిచే పని అన్నది. ఒక్కో అణువు సెకనుకు వేల ఎసిటైల్‌కోలిన్ అణువులను ముక్కలు చేస్తుంది. శరీరంలోని అత్యంత వేగమైన ఎంజైములలో ఇదొకటి.

తమ్ముడు, అంటే మన కథలోని కోలినెస్టరేజ్, లివర్‌లో తయారై రక్తంలో తిరుగుతుంటాడు. ఇతని జన్యువు 3వ క్రోమోజోమ్ మీద ఉంటే అన్న జన్యువు 7వ క్రోమోజోమ్ మీద ఉంది. 574 అమైనో ఆమ్లాల గొలుసు ఒకటి, అలాంటివి నాలుగు కలిస్తే ఒక పూర్తి కోలినెస్టరేజ్. రక్తంలో ఉన్నదాంట్లో సగం తరిగిపోవడానికి దాదాపు 12 రోజులు పడుతుంది. లివర్ ఎప్పటికప్పుడు కొత్తది చేసి పంపుతూనే ఉంటుంది.

ఇది పుట్టుకతోనే లేని మనుషులు ఉన్నారు. వాళ్లు మామూలుగా పెరుగుతారు, చదువుకుంటారు, వ్యాపారం చేస్తారు, పిల్లల్ని కంటారు. తేడా తెలియదు. ఈ జన్యువు తీసేసిన ఎలుకలు కూడా బతికాయి. వాటికి కొవ్వు ఎక్కువున్న మేత పెడితే మాత్రం మామూలు ఎలుకల కంటే లావెక్కాయని 2008లో తేలింది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్‌ను ఈ ఎంజైమ్ విరగ్గొడుతుందని తర్వాత ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో చూశారు. అంటే తమ్ముడికి వేరే పనులేవో ఉన్నాయి. అవి ఇంకా బయటపడుతున్నాయి.

ఈ కుటుంబంలో వేరే చుట్టాలూ ఉన్నారు. మెదడులో నరాలను ఒకదానితో ఒకటి అతికించే న్యూరోలిజిన్ ప్రొటీన్లు వీటి పోలికలోనే ఉంటాయి, ఎంజైమ్ పని మాత్రం చేయవు. వాటిలో రెండు జన్యువుల్లో లోపాలకూ ఆటిజానికీ సంబంధం ఉందని 2003లో బయటపడింది. థైరాయిడ్ హార్మోన్‌కు ముడిసరుకైన థైరోగ్లోబ్యులిన్ చివరి భాగం కూడా ఇదే అచ్చు. ఒక్క అచ్చులో పోసిన ప్రొటీన్లు.. ఒకటి కండరాల దగ్గర, ఒకటి మెదడులో, ఒకటి మెడలోని గ్రంథిలో. అన్నట్టు, ఈ కుటుంబం రూపం ఎలా ఉంటుందో మనిషికి మొదట తెలిసింది ఒక చేప వల్లే. కరెంటు షాక్ కొట్టే టార్పెడో అనే సముద్రపు చేప నుంచి తీసిన అన్న ఎంజైమ్ ఆకారాన్ని 1991లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇనిస్టిట్యూట్ శాస్త్రవేత్తలు గీశారు. మనిషి తమ్ముడి ఆకారం తేలడానికి ఇంకో 12 ఏళ్లు పట్టింది.

ఆపరేషన్ బల్ల మీద ఏం జరుగుతుంది?

జనరల్ అనస్థీషియా ఇచ్చేటప్పుడు శ్వాసనాళంలోకి గొట్టం వేస్తారు. దానికి గొంతు కండరాలు వదులవ్వాలి, లేకపోతే గొట్టం దిగదు. అందుకు వాడే మందుల్లో ఒకటి సక్సినైల్‌కోలిన్. మన డాక్టర్లు పిలిచే పేరు స్కోలిన్. 1950ల నుంచి వాడకంలో ఉంది. ఇది పనిచేసే స్పీడే దీని గొప్ప. ఒక్క నిమిషంలో కండరాలన్నీ వదులైపోతాయి. కడుపు నిండా తిని యాక్సిడెంట్‌లో వచ్చిన మనిషికి, అర్జెంటుగా సిజేరియన్ చేయాల్సిన తల్లికి ఆ నిమిషమే ప్రాణం.

ఇంకో మంచి గుణం.. ఎంత తొందరగా ఎక్కుతుందో అంత తొందరగా దిగిపోతుంది. మామూలు మనిషికి ఐదు నుంచి పది నిమిషాల్లో. దించేది ఎవరు? తమ్ముడే. స్కోలిన్ అంటే రెండు ఎసిటైల్‌కోలిన్ అణువులను జంట కట్టినట్టు ఉండే మందు. అన్న దాన్ని ముట్టడు. రక్తంలో ఉన్న తమ్ముడు మాత్రం నరంలోకి ఎక్కించిన మందులో చాలా భాగాన్ని కండరం దాకా చేరకముందే ముక్కలు చేసేస్తాడు. డాక్టర్ ఇచ్చే డోసులోనే ఆ తరుగు లెక్క కలిసి ఉంటుంది.

ఇప్పుడు రక్తంలో తమ్ముడు లేడనుకోండి. తరుగు లేదు. ఇచ్చిన మందంతా కండరాల మీదికి వెళ్తుంది. పైగా దాన్ని దించేవాడూ లేడు. ఐదు నిమిషాల మందు గంటలపాటు పనిచేస్తుంది. ఊపిరి తీసుకునే కండరాలు కూడా కండరాలే కదా. అవీ కదలవు.

ఇక్కడ అసలు ప్రమాదం రెండు చోట్ల ఉంది. ఒకటి, వెంటిలేటర్. పేషెంట్‌కు మిషన్ ఊపిరి అందిస్తూ ఉంటే చాలు, మందు నిదానంగా దానంతట అదే పోతుంది, మనిషి మామూలుగా లేస్తాడు. వెంటిలేటర్ లేని చిన్న నర్సింగ్ హోమ్‌లో, ఫోన్ చేస్తే వచ్చి కేసు చూసి వెళ్లే మత్తు డాక్టర్ ఉన్న చోట, గంటల తరబడి చేత్తో బ్యాగ్ నొక్కుతూ ఊపిరి అందించాలి. లేదా అంబులెన్స్‌లో పెద్ద ఊరికి తరలించాలి. మండవల్లి నుంచి పేషెంట్లు వెళ్లే కైకలూరు, గుడివాడ, భీమవరం, ఏలూరులో అన్ని ఆసుపత్రులూ ఒకలా ఉండవు. ఏది ఎక్కడ ఉందో ముందే తెలిసి ఉండటం వేరు, ఆ టైమ్‌లో వెతుక్కోవడం వేరు.

రెండోది ఇంకా భయంకరం. స్కోలిన్ నిద్రపుచ్చే మందు కాదు. కండరాలను మాత్రమే కట్టేస్తుంది. నిద్రమందు ఆపేస్తే పేషెంట్‌కు మెలకువ వచ్చేస్తుంది. అన్నీ వినిపిస్తాయి, కానీ కన్ను కూడా తెరవలేరు. అందుకే ఇలాంటి అనుమానం రాగానే మళ్లీ నిద్రమందు మొదలుపెట్టి, కండరాల బలం తిరిగి వచ్చేదాకా మిషన్ మీదే ఉంచుతారు. కండరం ఎంత వరకు కోలుకుందో చెప్పే చిన్న నరాల స్టిమ్యులేటర్ ఉంటే పని ఇంకా సులువు. తొందరపడి మామూలుగా ఇచ్చే విరుగుడు, నియోస్టిగ్మిన్, ఇవ్వడం ఇక్కడ మంచిది కాదు. అది ఉన్న కాస్త కోలినెస్టరేజ్‌నూ ఆపేస్తుంది. ప్లాస్మా ఎక్కిస్తే ఎంజైమ్ అందుతుంది కానీ, సాధారణంగా దాని అవసరం రాదు. ఓపిగ్గా వెంటిలేటర్ మీద ఉంచడమే ఎక్కువ మంది ఎంచుకునే దారి.

మైవాక్యూరియం అనే మరో మందుకూ ఇదే కథ. ఈ ఎంజైమ్ మీద ఆధారపడని మందులు మాత్రం ఉన్నాయి. రోక్యురోనియం వాడి, చివర్లో సుగమడెక్స్‌తో దించేయొచ్చు. అట్రాక్యూరియం దానంతట అదే రక్తంలో విడిపోతుంది. అంటే ముందు తెలిస్తే సమస్యే లేదు, మందు మార్చితే సరి. తెలియకపోతేనే తిప్పలు.

ఆర్యవైశ్యుల్లోనే ఎందుకు ఎక్కువ?

ఈ లోపాన్ని మొదట లెక్కలోకి తెచ్చింది కెనడాలోని టొరంటో శాస్త్రవేత్త వెర్నర్ కాలో. 1957లో డైబుకైన్ అనే మందుతో ఒక పరీక్ష కనిపెట్టారు. మామూలు మనిషి ఎంజైమ్‌ను డైబుకైన్ దాదాపు 80 శాతం ఆపుతుంది. లోపం ఉన్నవాళ్లలో 20 శాతమే. తల్లి నుంచి ఒకటి మంచిది, తండ్రి నుంచి ఒకటి లోపమున్నది వస్తే సుమారు 60. యూరప్ మూలాలున్న వాళ్లలో దాదాపు 3 వేల మందిలో ఒకరికి ఈ రకం కనిపిస్తుంది.

మన దగ్గరి కథ అది కాదు. కోయంబత్తూరులో ఆర్యవైశ్య కుటుంబాల్లో స్కోలిన్ తర్వాత ఊపిరి ఆగిన అనుభవాలు ఉన్నాయని గమనించి భారతియార్ యూనివర్సిటీకి చెందిన బూపతి, మనోహరన్, అమెరికాలోని ఓక్సానా లాక్రిడ్జ్ లాంటి వాళ్లు కలిసి పరీక్షలు చేశారు. 2006లో ఫలితం ప్రచురించారు. ప్రొటీన్ గొలుసులో 307వ స్థానంలో ఉండాల్సిన ల్యూసిన్ బదులు ప్రోలిన్ వచ్చింది. డీఎన్ఏలో ఒక్క అక్షరం మార్పు, అంతే. ప్రోలిన్ గొలుసును వంచేసే రకం. అది అక్కడ కూర్చున్నాక రక్తంలో ఎంజైమ్ పని దాదాపు సున్నాకు పడిపోతుంది. దీన్ని 'సైలెంట్' రకం అంటారు.

2007లో అదే బృందం ఆరోగ్య నివేదిక ఇచ్చింది. కోయంబత్తూరు ఆర్యవైశ్యుల్లో 24 మందిలో ఒకరికి ఈ సైలెంట్ రకం ఉంది. యూరప్, అమెరికాల్లో ఇది లక్ష మందిలో ఒకరికే. అంటే 4 వేల రెట్లు! ఇంకో ముఖ్యమైన మాట కూడా అందులోనే ఉంది. ఎంజైమ్ లేకపోయినా వీళ్ల ఆరోగ్యం మామూలుగానే ఉంది.

ఒక్క ఊళ్లో తీసిన లెక్క అది. ఏలూరు జిల్లాలో అచ్చంగా అదే అంకె ఉంటుందని పట్టుబట్టక్కర్లేదు. అయితే 24లో ఒకరు అన్న లెక్కను జన్యుశాస్త్రం సూత్రంలో పెట్టి చూస్తే, ఒకే ఒక్క లోపపు జన్యువు మోసేవాళ్లు సుమారు ముగ్గురిలో ఒకరు అవుతారు. వాళ్లకు ఎంజైమ్ సగం స్థాయిలో ఉంటుంది, మామూలుగా స్కోలిన్ ఇచ్చినా పెద్ద తేడా ఉండదు. అలాంటి ఇద్దరికి పెళ్లయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం.. బిడ్డకు ఎంజైమ్ అసలు లేకపోవడానికి.

ఎందుకిలా? మేనరికాలేనా? తొందరపడి అలా అనేయకూడదు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్‌తో కలిసి 2009లో చేసిన పరిశోధన దీనికి వేరే జవాబు చెప్పింది. 2 వేల నుంచి 3 వేల ఏళ్ల కిందట ఈ సమాజం ఒక చిన్న గుంపు నుంచి పెరిగింది. తర్వాత పెళ్లిళ్లన్నీ లోపల్లోపలే జరిగాయి. గోత్రం తప్పించి చేసుకున్నా సరే, వెనక్కి వెళ్తే మూలపురుషులు కొద్దిమందే. 102 గోత్రాలని సంప్రదాయం చెబుతుంది కదా, గోత్రాలు వేరైనా జన్యువుల మూటలు అంతకంటే తక్కువ చోట్ల నుంచే వచ్చాయి. ఆ మూటల్లో ఒకదాంట్లో ఈ 307వ అక్షరం తప్పు ఉంది. జనం లక్షలకు పెరిగినప్పుడు తప్పు కూడా లక్షలకు చేరింది.

ఇది ఒక్క కులం కథ అనుకుంటే పొరపాటు. అదే బృందాలు 2017లో 260కి పైగా సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాల్లో ఈ 'చిన్న గుంపు' ప్రభావం ఫిన్లాండ్ జనంలో కంటే, అష్కెనాజీ యూదుల్లో కంటే బలంగా కనిపించింది. వాటిలో 14 సమూహాల జనాభా పది లక్షలకు పైనే. ఎవరి మూటలో ఏ తప్పు ఉందో చాలా వాటి విషయంలో ఇంకా చూడనేలేదు. ఆర్యవైశ్యుల విషయంలో ముందే తెలిసింది, అదే తేడా. ఒక రకంగా వాళ్ల అదృష్టమే అనాలి.

'మీరు వైశ్యులా?' అని డాక్టర్ అడిగితే..

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ ఈ ప్రశ్న అడిగితే చాలామందికి చురుక్కుమంటుంది. ఆసుపత్రిలో కులం ఎందుకు? అడిగేది పరువు కోసం కాదు, ఫీజు కోసం కాదు. ఏ మందు వాడకూడదో తేల్చుకోవడానికి. మన దేశంలో మత్తు వైద్యం చదివినవాళ్లకు ఈ సంగతి తెలుసు, వైశ్య కుటుంబం అని తెలిస్తే స్కోలిన్ జోలికి వెళ్లకపోవడం అలవాటైన జాగ్రత్త.

అయితే కులం అడిగి వదిలేస్తే సరిపోదు. ఎందుకంటే ఈ లోపం వేరేవాళ్లలోనూ ఉంటుంది, అరుదుగానైనా. పైగా లివర్ జబ్బు, పోషకాహారం లేకపోవడం, పురుగు మందు ప్రభావం వల్ల కూడా కోలినెస్టరేజ్ తగ్గుతుంది. గర్భంతో ఉన్నప్పుడు అందరికీ కొంత తగ్గుతుంది. కాబట్టి అసలు అడగాల్సిన ప్రశ్న ఇది.. "మీకుగానీ, మీ ఇంట్లో ఎవరికైనాగానీ ఆపరేషన్ తర్వాత మెలకువ రావడం బాగా ఆలస్యమైందా? వెంటిలేటర్ మీద పెట్టారా?" ఈ ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఉంటుంది. "మా అత్తయ్యకు విజయవాడలో ఆపరేషన్ అయితే సాయంత్రం దాకా లేవలేదు" అని నవ్వుతూ చెప్పుకునే కథే డాక్టర్‌కు దొరికే అసలైన క్లూ.

పరీక్ష కూడా కష్టం కాదు. మామూలు రక్త పరీక్షే, సీరం కోలినెస్టరేజ్. మన సైలెంట్ రకానికి డైబుకైన్ నంబర్ అక్కర్లేదు. అసలు ఎంజైమే లేనప్పుడు దాన్ని ఎంత శాతం ఆపింది అన్న లెక్కకు అర్థం ఉండదు. మామూలు వాళ్లకు లీటరుకు వేల యూనిట్లలో వచ్చే అంకె వీళ్లకు అట్టడుగుకు పడిపోయి ఉంటుంది. ఇంట్లో ఒకరికి అలా తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా చేయించుకోవాలి. ఎందుకంటే వాళ్లలో ప్రతి ఒక్కరికీ కనీసం నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది.

మిగతా మందుల సంగతి? పంటి డాక్టర్ దగ్గర, చిన్న కుట్లకు ఇచ్చే లిగ్నోకైన్‌కు ఈ ఎంజైమ్‌తో పని లేదు. సిజేరియన్‌కు నడుములో ఇచ్చే బుపివాకైన్‌కూ లేదు. ప్రొకైన్, క్లోరోప్రొకైన్ లాంటి పాత రకం మందులకు మాత్రం ఉంది. మతిమరుపు జబ్బు ఆల్జీమర్స్‌కు ఇచ్చే రివాస్టిగ్మిన్ ఈ అన్నదమ్ములిద్దరినీ ఆపే మందు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకు ఆ మందు రాస్తుంటే కోలినెస్టరేజ్ లోపం ఉందని డాక్టర్‌కు చెప్పడం మేలు.

పెళ్లి సంబంధాల దగ్గర దీన్ని తెచ్చి పెట్టి గొడవ చేయడం మాత్రం అనవసరం. జబ్బే కాని దాన్ని జబ్బు చేసినట్టు అవుతుంది.

పురుగు మందు తగిలితే మొదట బలయ్యేది ఇదే

ఇప్పుడు చేలోకి వద్దాం. ఎసిఫేట్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్.. వరిలో, కూరగాయల్లో రైతులకు తెలిసిన పేర్లే. ఇవన్నీ ఆర్గనోఫాస్ఫేట్ కుటుంబం. పురుగును చంపే పద్ధతి ఒకటే. నరం చివర తుడిచే పని చేసే అన్న ఎంజైమ్‌ను పట్టుకుని కట్టేస్తాయి. పురుగులోనూ, మనిషిలోనూ అదే అన్న. అందుకే మనిషికి తగిలినా చెమటలు, నోట్లో నీళ్లూరడం, కంటిపాప చిన్నదైపోవడం, కండరాలు అదరడం, వాంతులు, ఊపిరి ఆడకపోవడం.

రక్తంలోకి వచ్చిన విషానికి మొదట ఎదురయ్యేది తమ్ముడు. తనే ఆ విషాన్ని పట్టుకుని తను పనికిరాకుండా పోతాడు. ఒక అణువు విషానికి ఒక అణువు ఎంజైమ్ బలి. ఆ మేరకు అన్న బతుకుతాడు. మనిషి రక్తం నుంచి తీసిన ఇదే కోలినెస్టరేజ్‌ను సారిన్ లాంటి యుద్ధ విషాలకు ముందు జాగ్రత్తగా ఎక్కించొచ్చా అని అమెరికా సైన్యం పరిశోధనలు చేయించింది కూడా. పుట్టుకతో తమ్ముడు లేనివాళ్లకు ఈ అడ్డు ఉండదు. వాళ్లు మందు పిచికారీకి, గోడౌన్‌లో పురుగు మందు డబ్బాల మధ్య పనికి దూరంగా ఉండటం మంచిది. మన ఊళ్లలో ఎరువులు, పురుగు మందుల షాపులు నడిపేవాళ్లలో వైశ్య కుటుంబాలూ ఉన్నాయి కాబట్టి ఇది ఊరికే చెప్పే మాట కాదు.

పురుగు మందు తగిలిన అనుమానంతో ఆసుపత్రికి వెళ్తే సీరం కోలినెస్టరేజ్ పరీక్ష చేస్తారు. అంకె పడిపోయి ఉంటే విషం పనిచేసిందని అర్థం. చికిత్స అట్రోపిన్, అవసరాన్ని బట్టి ప్రాలిడాక్సిమ్. లక్షణాలు ఉంటే రిపోర్ట్ కోసం ఆగరు, ఆగకూడదు కూడా. కానీ ఇక్కడే ఒక చిక్కుముడి. పుట్టుకతో అంకె సున్నా దగ్గర ఉన్న మనిషికి తలనొప్పి, వాంతులు వచ్చి ఆసుపత్రికి వస్తే? రిపోర్ట్ చూసి 'భారీ విషం' అనుకునే అవకాశం ఉంది. రోజులు గడిచినా ఆ అంకె పెరగదు. ఎందుకంటే ఎప్పుడూ అంతే. మామూలు మనిషిలో లివర్ కొత్త ఎంజైమ్ చేస్తూ పోతుంది కాబట్టి కొన్ని వారాల్లో కోలుకుంటుంది. ఆ తేడా తెలియాలంటే ఒంట్లో బాగున్న రోజుల్లో తన అంకె ఎంతో తెలిసి ఉండాలి.

సరిగ్గా ఈ లెక్క మీదే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1974 నుంచి ఒక పద్ధతి నడుపుతోంది. ఈ రకం పురుగు మందులు వాడే కూలీలకు సీజన్‌కు ముందే రక్త పరీక్ష చేసి ఎవరి అంకె వాళ్లకు రాసి పెడతారు. తర్వాత మధ్యమధ్యలో చూస్తారు. సొంత అంకెలో 80 శాతానికి పడిపోతే పని పద్ధతిలో తప్పు ఎక్కడుందో వెతకాలి. రక్తంలోని కోలినెస్టరేజ్ 60 శాతానికి పడిపోతే ఆ మనిషిని మందు పని నుంచి తప్పించాలి, కోలుకున్నాకే మళ్లీ తీసుకోవాలి. పక్కవాడి అంకెతో పోల్చడం లేదు చూశారా, ఎవరి అంకె వాళ్లకే. మన దగ్గర దాళ్వా నాట్లు అయ్యాక రోజుకు ఇన్ని ట్యాంకులని మాట్లాడుకుని, మాస్కు లేకుండా, చెప్పులు లేకుండా ఊరూరా మందు కొట్టే కూలీలకు ఇలాంటి లెక్క ఎవరు రాసి పెడుతున్నారు?

ఏలూరు జనానికి ఈ మాటలు పూర్తిగా కొత్తవి కావు. 2020 డిసెంబర్ మొదటి వారంలో ఉన్నట్టుండి జనం మూర్ఛతో పడిపోవడం, నోట్లో నురగ రావడం.. 600 మందికి పైగా ఆసుపత్రికి వెళ్లిన ఆ రోజులు గుర్తే ఉంటాయి. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగు మందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు తేల్చినట్టు అప్పట్లో ప్రభుత్వం చెప్పింది. నీళ్లు, పాలు, కూరగాయలు అన్నీ ల్యాబ్‌లకు వెళ్లాయి. ఆ హడావుడిలో పురుగు మందు అనగానే అందరి చూపూ నీళ్ల ట్యాంకుల మీదే పడింది. రోజూ మందు కొట్టే మనిషి రక్తం సంగతి అప్పుడూ పెద్దగా చర్చకు రాలేదు.

ఆపరేషన్ డేట్ ఇచ్చారా? ఇలా చేయండి

ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఎవరికైనా మత్తు దిగడం ఆలస్యమైందా అని. ఉంటే ఆ పాత డిశ్చార్జ్ సమ్మరీ వెతకండి, 'స్కోలిన్ ఆప్నియా' అనో, 'ప్రొలాంగ్డ్ ఆప్నియా' అనో రాసి ఉండొచ్చు. ఆపరేషన్ చేసే సర్జన్‌కు చెప్పాం కదా అని ఊరుకోకండి. ఈ కబురు చేరాల్సింది మత్తు డాక్టర్‌కు. చిన్న ఊళ్లలో ఆయన ఆపరేషన్‌కు పది నిమిషాల ముందే వస్తారు కాబట్టి, కేసు షీట్ మీద పైనే పెద్ద అక్షరాలతో రాయించడం మంచిది.

పరీక్షలో లోపం తేలినవాళ్లు ఒక చిన్న కార్డు మీద 'కోలినెస్టరేజ్ లోపం ఉంది, సక్సినైల్‌కోలిన్, మైవాక్యూరియం ఇవ్వకూడదు' అని డాక్టర్ చేత రాయించి, ఆధార్ కార్డు పెట్టుకునే పర్సులోనే పెట్టుకుంటే చాలు. ఫోన్‌లో ఫొటో కూడా ఉంచండి. యాక్సిడెంట్ అయినప్పుడు ఫోన్ లాక్ ఎవరు తీస్తారు అన్నది వేరే ప్రశ్న. అందుకే పర్సులో కార్డే మేలు. ఇంట్లో ఇంకో ఇద్దరికైనా ఈ సంగతి తెలిసి ఉండాలి, అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లేది వాళ్లే కాబట్టి.